వాడు ఆపిన చోటు నుంచి

ఆ నవల పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ నా మీద కత్తులు నూరేవాళ్ళు ఉన్నారు. నా వయసు తెలుగు ఆడవాళ్ళలో దాన్ని చదవనివాళ్ళు అరుదు, చదివి ఏడవనివాళ్ళు మరీ అరుదు. అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో మా కాలేజీ హాస్టల్లో ఒక్క కాపీ కోసం జుట్లు పట్టుకునేంత పని అయ్యేది. నేనూ వారం వారం చదివాను. ఆఖరి భాగం చదివాక మాత్రం పత్రికను మంచం కిందికి విసిరికొట్టాను.

కథ ఇదీ. ఒక జమీందారు కూతురు, ఒక పేద లెక్చరరు. ప్రేమించుకుంటారు. ఎవరో చెప్పిన చాడీ నమ్మి ఆ పిల్ల చెప్పాపెట్టకుండా రైలెక్కేస్తుంది. ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయే సంగతి. అడిగితే నవల ఎలా సాగుతుంది? అతను ఆమెను వెతుక్కుంటూ వెళ్ళి పడవ ప్రమాదంలో పోయాడని కబురొస్తుంది. అతని తల్లి ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటుంది. ఆఖరికి ఆ పిల్లకు ఇంకెవరితోనో పెళ్ళి జరగబోతుంటే, చచ్చిపోయాడనుకున్నవాడు కుంటుకుంటూ పందిట్లోకి వస్తాడు. కొడుకు గొంతు వినగానే తల్లికి చూపొచ్చేస్తుంది. శుభం.

చెత్త నవల అని నేను ఏనాడూ అనలేదు. మధ్యలో వాన గురించి, బావి దగ్గర మాటల గురించి మంచి పేజీలున్నాయి. కానీ దానికి వచ్చిన పేరేమిటి, అందులో ఉన్న సరుకేమిటి? పోయినవాడు తిరిగి రావడమంత చవకా? ఈ మాట అన్నందుకు నా ప్రాణ స్నేహితురాలు ఒక ఏడాది నాతో మాట్లాడలేదు. మా ఆయనైతే పెళ్ళయిన కొత్తలో, ‘నువ్వు చదివి ఏడవలేదంటే నాకు భయంగా ఉంది,’ అని ఏడిపించేవాడు. నేను మాత్రం తగ్గలేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, అల్మరాలో ఆ పుస్తకం కనబడితే నాకూ ఆ ఇంటివాళ్ళకూ మాటామాటా పెరిగేది.

మేం పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చింది, దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు. మా ఆయనకు ఇంజనీరు ఉద్యోగం, నాకు నార్త్‌డేల్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే పని. అంతకుముందు భారతీయుల పిల్లలకే అన్న బడి అది. మేం చేరే నాటికి దూరపు బస్తీల నుంచి జులు పిల్లలు మినీబస్సుల్లో వచ్చి చేరుతున్నారు. ఒకే బెంచీ మీద కూర్చోవడం పిల్లలకు వారంలో అలవాటైంది. టీచర్లకే టైం పట్టింది.

ఆ బడి ఆఫీసులో పనిచేసే ఆవిడ ఒకరోజు నా దగ్గరకొచ్చి, ‘మేమూ తెలుగువాళ్ళమే,’ అంది ఇంగ్లీషులో. వాళ్ళ ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడకు తెలుగులో వచ్చినవి అత్త, మామ, పులుసు, గోవిందా, ఇంకా ఒక పది తిట్లు. నేను తెలుగు చదవగలనని తెలిసినప్పుడు ఆవిడ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. వాళ్ళింట్లో దేవుడి అరలో పసుపు గుడ్డలో చుట్టిన తెలుగు పుస్తకం ఒకటి ఉందట. తను కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజూ దానికి దండం పెడుతోందట. అది రామాయణమో భాగవతమో ఎవరికీ తెలియదు. అత్తగారిని అడిగితే, ‘దేవుడి బుక్కు, ముట్టకు,’ అంటుందే తప్ప విప్పనివ్వదు. ఇప్పుడు పెరటాసి నెల వచ్చింది. అక్కడి తెలుగువాళ్ళు ఆ నెలంతా మాంసం మానేసి శనివారాలు వేంకటేశ్వరుణ్ణి కొలుస్తారు. ‘ఈ శనివారం మీరొచ్చి ఒక్క పేజీ చదవండి. చదవడం వచ్చిన మనిషి ఉందంటే అత్తగారు ఈసారి కాదనలేదు. మా అత్తగారికి ఆరోగ్యం బాగుండటం లేదు, ఆవిడ చెవిన పడనివ్వండి,’ అంది ఆవిడ.

తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ముందుగదిలో కామాక్షి దీపం వెలుగుతోంది. కొడుకు, కోడలు, మనవలు, పక్కింటివాళ్ళు, అందరూ చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నారు. అవ్వ ఒక్కతే కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని ఉంది. ఆవిడను అందరూ అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. చిన్న మనిషి. ముక్కుకు పాతకాలపు బేసరి. కోడలు రెండు చేతులతో తెచ్చిన మూటను నా ఒళ్ళో పెట్టింది. గుడ్డ విప్పాను. గోధుమరంగు కాగితం అట్ట, దాని మీద ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ. మొదటి పేజీ తిప్పాను.

జమీందారు కూతురు కారు దిగింది.

నా తలరాత చూడండి. దేశం దాటి, సముద్రం దాటి ఇంత దూరం వస్తే, అది నాకంటే ముందే వచ్చి దేవుడి అరలో కూర్చుని ఉంది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని తలెత్తేసరికి అవ్వ నన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. అదిలించే చూపు. తల అటూ ఇటూ కొద్దిగా కదిపింది, ఎవరికీ కనబడకుండా. ఆవిడకు తెలుసు. ఆ గదిలో అది నవల అని తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన విష్ణు శ్లోకాలు నాలుగు, జమీందారు కూతురి మీద చూపు పెట్టి, రాగం తీస్తూ చదివాను. పేజీ తిప్పి ఇంకో రెండు. అందరూ ‘గోవిందా’ అన్నారు. కోడలు కళ్ళు తుడుచుకుంది. చివర్లో అందరూ చూస్తుంటే చేసేదేముంది, నేను మంచం కిందికి విసిరికొట్టిన నవలను కళ్ళకద్దుకుని గుడ్డ కట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన సోఫా మీద దొర్లి దొర్లి నవ్వాడు.

రెండ్రోజుల తర్వాత అవ్వ రమ్మంటోందని కోడలు చెప్పింది. శనివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళంతా బజారుకు వెళ్ళే వేళ చూసి పిలిచింది అవ్వ. నేను వెళ్ళేసరికి పుస్తకం ఆవిడ ఒళ్ళోనే ఉంది.

‘నవ్వొచ్చింది కాదేటి నీకు?’ అంది. ‘ఆపుకున్నావు. మంచి గుంటవి.’

‘ఇదేమిటో మీకు తెలుసా అవ్వా?’

‘నాకు తెల్దా? కతల బుక్కు. కారు, ఆ పిల్ల, ఆ మాస్టరు. నాను దాసినాను దీన్ని.’

ఆ తర్వాత చెప్పింది. మధ్య మధ్య ఇంగ్లీషు, అక్కడక్కడా పనివాళ్ళ జులు, అన్నిటినీ కలిపి మా అమ్మమ్మ కూడా మరిచిపోయిన ఊరి తెలుగు. మొదట్లో సగం అర్థమయ్యేది కాదు.

ఆ పుస్తకం చేతికొచ్చే నాటికి వాళ్ళు డర్బన్‌లో, సిడెన్‌హామ్‌లో ఉండేవాళ్ళు. భర్త లేడు. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. పెద్ద కొడుకు రేవు దగ్గర గుమాస్తా. ఏదో దేశపు ఓడలో వచ్చిన ఒక తెలుగు నావికుడితో వాడికి స్నేహం కుదిరింది. వెళ్ళిపోతూ ఆ నావికుడు చేతిలో పెట్టిన పుస్తకం ఇది. మన దేశంలో ఆడవాళ్ళంతా దీన్ని చదివి ఏడుస్తున్నారు, ఇంతకన్నా గొప్ప నవల లేదు అని చెప్పి ఇచ్చాడట. గుడి హాలులో ఆదివారం బడికి వెళ్ళి వాడు తెలుగు అక్షరాలు నేర్చుకుని ఉన్నాడు.

‘ఆడికి అచ్చరం వచ్చు, మాట రాదు,’ అంది అవ్వ. ‘నాకు మాట వచ్చు, అచ్చరం రాదు. ఆడు కూడబలుక్కుని సదివీవోడు. ఇదేటి మామ్, అనీవోడు. నాను సెప్పీదాన్ని. ఒక్క పేజీకి టీ సల్లారిపోయీది.’

ఇద్దరూ కలిస్తే గానీ ఒక చదువరి కారన్నమాట. ఫ్యాక్టరీ నుంచి ఆవిడ, రేవు నుంచి వాడు వచ్చాక, సాయంత్రం వంటకు ముందు అదే పని. కొన్ని మాటలు ఆవిడకూ తెలియవు. అప్పుడు ఇద్దరూ కలిసి తోచిన అర్థం పెట్టుకుని ముందుకు పోయేవాళ్ళు. అలా ఆ పిల్ల ఎక్కిన రైలు కదిలేదాకా వచ్చారు.

ఆ సాయంత్రం వాడు పుస్తకం మూసి, తను కొన్నాళ్ళు ఊళ్ళో ఉండనని చెప్పాడు. ఎక్కడికని అడగొద్దన్నాడు. మిగతాది తిరిగొచ్చాక చదువుతానన్నాడు. ‘ఎవుల సేతా సదివించుకోకు మామ్, మనిద్దరమే అన్నాడు,’ అంది అవ్వ. పొద్దున లేచేసరికి వాడు లేడు. తెల్లవాళ్ళ ప్రభుత్వంతో పోరాడటానికి సరిహద్దు దాటి వెళ్ళే కుర్రాళ్ళలో తన కొడుకూ ఉన్నాడని ఆవిడకు ఆ తర్వాత పోలీసులు వచ్చి అరిచినప్పుడే తెలిసింది.

పోలీసులు వస్తారని పక్కింటావిడ ముందే చెవిలో వేసిందట. వస్తే ఇంట్లో కాగితమన్నది మిగలనివ్వరు. ఆ పుస్తకంలో ఏమీ లేదని ఆవిడకు తెలుసు. కారు, రైలు, ఏడుపు. కానీ తమకు రాని భాషలో ఉన్న పుస్తకాన్ని పోలీసులు వదులుతారా? అందుకని పసుపు గుడ్డ చుట్టి, కుంకుమ పెట్టి, దీపం పక్కన నిలబెట్టింది. వాళ్ళు కరెంటు బిల్లులతో సహా ఊడ్చుకుపోయారు. దేవుడి అర దగ్గరకొచ్చేసరికి వాళ్ళలో ఉన్న భారతీయ కానిస్టేబులు బూట్లు విప్పి నిలబడి, అది దేవుడిది, తాకకూడదు అని తెల్ల ఆఫీసరుతో అన్నాడట.

‘ఆ ఒక్కటీ మిగిల్నాది ఆడిది,’ అంది అవ్వ.

ఆ తర్వాత నిజం ఎవరికీ చెప్పలేదు. చుట్టుపక్కల ఎవరు పోలీసులకు కబుర్లు మోస్తున్నారో తెలియని రోజులు. చిన్న కొడుకు అప్పటికి పసివాడు, బడిలో నోరు జారతాడని వాడికీ చెప్పలేదు. వాడు పెద్దయ్యాడు, నార్త్‌డేల్ వచ్చారు, కోడలొచ్చింది, అరతో పాటు పుస్తకమూ వచ్చింది. కోడలు దానికి రోజూ దండం పెట్టడం మొదలుపెట్టింది. మనవలను పరీక్షలకు దాని ముందు మొక్కించింది.

‘అప్పుడెలా సెప్పీది?’ అని నన్నే అడిగింది. ‘నువ్వు మొక్కుతున్నది కారు దిగిన పిల్లకే అని సెప్పీదా?’

ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఆవిడ మామూలుగానే, టీ పెట్టమన్నంత మామూలుగా, మిగతాది చెప్పింది. పోరాడే పార్టీల మీద నిషేధాలు ఎత్తేశాక బయటికి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు. ఇక్కడ ఒక ఇంటికి, అక్కడ ఒక ఇంటికి. వాళ్ళ కోసం ఎయిర్‌పోర్టులో పాటలు పాడారు. వాడు రాలేదు. ఒకరోజు ఇద్దరు వచ్చి ఈ గదిలోనే కూర్చుని చెప్పారు. పరాయి దేశపు అడవిలో, శిబిరంలో, జ్వరం. చాలా ఏళ్ళయిందట. అక్కడే పూడ్చారట. చిన్న కొడుకు కర్మ చేశాడు. గుండు చేయించుకున్నాడు.

‘నాను ఏడవలేదు,’ అంది. ‘ఏడుపు రానేదు. జొరం అంతన్నారు. ఎవులి మీద ఏడిసీది?’

నేను ఆవిడకు ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

‘ఇంక ఆడొచ్చి సదవడు,’ అని పుస్తకం నా ఒళ్ళోకి తోసింది. ‘నాను పోయీలోగా మిగతాది నువ్వు సదువు. ఆ పిల్ల రైలెక్కింది. తరవాత?’

తరవాత ఏమిటో నాకు తెలుసు. అదే వచ్చిన చిక్కు. కొడుకు రాడని తెలిసిన తల్లికి, పోయిన కొడుకు పెళ్ళి పందిట్లోకి నడిచొచ్చే కథ చదవాలి. కళ్ళు పోయిన తల్లికి చూపు రావడం చదవాలి.

‘ఇది అంత గొప్ప నవల కాదు అవ్వా. మీ అబ్బాయికి ఎవరో ఊరికే చెప్పారు. ముగింపు అసలు బాగుండదు,’ అన్నాను.

‘గొప్పదో కాదో నాను సూసుకుంతాను. నువ్వు సదువు.’

అలా శనివారాలు మొదలయ్యాయి. ఇంట్లోవాళ్ళు మేం దేవుడి పుస్తకం చదువుకుంటున్నామని చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేవాళ్ళు. కోడలు వెళుతూ వెళుతూ నాకు అరటికాయ బజ్జీలు మూతపెట్టి ఉంచేది. నేను నవల భాషలో చదివితే అవ్వకు సగం ఎక్కేది కాదు. ‘నీ తెలుగు రేడియో తెలుగు, మనిసి తెలుగు సదువు,’ అనేది. వాక్యం చదివి, దాన్ని మళ్ళీ ఆవిడ మాటల్లోకి మార్చి చెప్పేదాన్ని. ‘విరహాగ్ని’ని మార్చి చెప్పడానికి పడ్డ తిప్పలు నాకే తెలుసు. రచయిత పేజీన్నర పాటు వర్ణించిన సూర్యాస్తమయం అవ్వ దగ్గర ‘పొద్దుగూకింది’ అయ్యేది. పోయిందేమీ లేదు.

ఊరుకునే శ్రోత కాదు ఆవిడ. ప్రతి పేజీకి అడ్డం తగిలేది. హీరోయిన్ మీదైతే కోపం. ‘అడగదేటి? నోరు నేదా దానికి?’ అనేది. ఆ పిల్ల రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటే, ‘బియ్యం ఎవులు కడుగుతున్నారు?’ అని అడిగేది. ఇన్నేళ్ళు నేను సభల్లో, భోజనాల దగ్గర గొంతు చించుకున్న వాదనలన్నీ ఆవిడ నోట ఇలా ఒక్కొక్క ముక్కలో వస్తుంటే నాకు లోపల్లోపల ఎంత తృప్తి. కానీ ఆవిడ తిడుతూనే, ‘తరవాత?’ అనేది. నేను ఏనాడూ ఆ నవలను అంత ఆశగా ‘తరవాత?’ అని అడగలేదు.

పడవ మునిగింది. తల్లికి కబురొచ్చింది. ఆ పేజీ చదువుతున్నప్పుడు ఆవిడ ముఖం వైపు చూడలేకపోయాను. తల్లి ఏడ్చి ఏడ్చి గుడ్డిదైపోయిందని చదివాను.

‘ఐకోనా,’ అంది అవ్వ, గట్టిగా. అక్కడ ససేమిరా కాదనడానికి అందరూ వాడే మాట. ‘ఏడిస్తే కల్లు పోతాయేటి? పోతే ఈ ఊర్లో ఏ తల్లికీ కల్లుండవు.’

నిజమే. ఎన్నికల ముందు ఆ ఊరి చుట్టూ లోయల్లో పార్టీల మధ్య జరిగిన చంపుకోవడాలు నేను చూడలేదు. మా క్లాసులో పిల్లల హాజరు తీసుకునేటప్పుడు, తండ్రి పేరు అడిగితే తలలు దించుకోవడం చూశాను.

ఇక ముగింపు మిగిలింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మా ఆయన చూసి చూసి, ‘నేనైతే దాన్ని ఇంకా బాగా ముగించేదాన్నని పెళ్ళయిన నాటి నుంచీ అంటున్నావుగా. ఇప్పుడు ముగించు. ఆవిడకెలా తెలుస్తుంది?’ అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

ఆలోచించాను. నా ముగింపులో అతను తిరిగి రాడు. తల్లికి కళ్ళు పోవు. ఆ పిల్లా, తల్లీ ఒకే ఇంట్లో ఉంటారు, ఏడుస్తారు, వండుకుంటారు. నిజం లాంటి ముగింపు. గర్వంగా ఉంది కూడా. కూరగాయలు తరుగుతూ వాక్యాలు పేర్చుకున్నాను. తీరా అవ్వ ముందు కూర్చుని చెప్పడం ఊహించుకునేసరికి గర్వం కాస్తా దిగిపోయింది. కథలోనైనా వాడు వస్తే ఆవిడ గుండె కోతే, రాకపోతే ఆవిడ గుండె కోతే. కథలో రాకపోవడం నేను చేసిన పని అవుతుంది, అంతే తేడా. అయినా వచ్చి వెక్కిరించడం కన్నా రాకపోవడమే మేలని తేల్చుకుని వెళ్ళాను.

ఆ మధ్యాహ్నం ఉక్కగా ఉంది. దూరపు కొండల మీద ఉరుములు. పుస్తకం తెరిచి, పెళ్ళి పందిరి దాకా ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్కడి నుంచి నాది మొదలుపెట్టాను. బాగానే సాగుతోంది. ఆ పిల్ల లేచి, నాకీ పెళ్ళి వద్దు అంది. తల్లి దగ్గరకు వెళ్ళింది.

‘ఆపు,’ అంది అవ్వ.

ఆపాను.

‘నీ కల్లు కదల్నేదు. ఆడు సదివితే ఆడి కల్లే సూసీదాన్ని నాను. సదివీ కల్లు నాకు తెలుసు. నువ్వు సొంతంగా అల్లీసి సెప్తన్నావు.’ చెయ్యి చాచి పుస్తకం మీద వేలితో కొట్టింది. ‘ఆడుంటే ఇందల ఉన్నదే సదివీవోడు. అదే సదువు.’

‘అది మీకు కష్టంగా ఉంటుంది అవ్వా.’

‘నా కట్టం నాను సూసుకోనా? సదువు.’

చదివాను. అతను పందిట్లోకి నడిచి వచ్చాడు. కుంటుతున్నాడు, గడ్డం పెరిగింది. ‘అమ్మా’ అన్నాడు. తల్లి లేచింది. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆ పేజీలను చింపి ఉండలు చుట్టి కిటికీలోంచి పారేయాలనిపించింది. ఏ మనిషి రాశాడు ఇది, ఏ మాత్రం తెలిసి రాశాడు? తల్లికి వెలుగు కనబడింది. ముందు దీపం, ఆ తర్వాత కొడుకు ముఖం. అవ్వ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తలంబ్రాలు పడ్డాయి. అయిపోయింది.

‘అంతేనా?’ అంది.

‘అంతే అవ్వా.’

పుస్తకం లాక్కుని, చివరి అట్ట తిప్పి, ఇంకో పేజీ ఏదైనా అంటుకుని ఉందేమోనని వేళ్ళతో తడిమింది. ఏమీ లేదు. నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఈ లోపలే మొదలైంది.

‘ఓరి నీ జిమ్మడిపోను! ఓరి ఎర్రెదవా! ఇదేట్రా బుక్కు? ఇదేటి? దీనికోసరమా నన్ను ఇన్నేల్లు కూకోబెట్టినావు? ఎవుల సేతా సదివించుకోకు అన్నావు! ఏటుందిరా ఇందల దాసడానికి? పడవ మునిగినోడు నడిసొచ్చీసినాడంట, ఆ తల్లికి కల్లొచ్చీసినాయంట, ఒక్కడూ ఇంతకాలం ఎక్కడున్నావని అడగడంట! గొప్ప బుక్కంతావా దీన్ని? దేసమంతా ఏడిసిందంతావా? ఎందుకేడిసిందిరా, డబ్బులెట్టి కొన్నందుకా? బుర్రుందా నీకు? గాడిద కొడకా! దీనికి పసుపు గుడ్డ కట్టినాను! దీనికి నీ తమ్ముడి పెల్లాం దండాలెట్టింది!’

నన్ను కాదు. నా వైపు చూడనే లేదు. వంటింటి గుమ్మం వైపు తిరిగి, ముందుకు వంగి, చెయ్యి ఊపుతూ తిట్టింది. ఆ ముసలి ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని నేననుకోలేదు. నాకు అర్థం కాని తిట్లు కూడా చాలా ఉన్నాయి. తిట్టి, ఆపింది.

ఊపిరి తీసుకోవడానికి కాదు. తల కొద్దిగా పక్కకు వంచి, ఆ గుమ్మం వైపే చూస్తూ ఆగింది. తిట్లు తిన్నవాడు ఏదో ఒకటి అనాలి కదా. డర్బన్ ఇంట్లో వాడు ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు కాబోలు. అవ్వ జవాబు కోసం ఆగింది. ఆవిడ ముఖంలో కోపం ఎక్కడికి పోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

నేనది భరించలేకపోయాను.

‘అదేం అవ్వా,’ అన్నాను. ‘నవల బాగానే ఉంది కదా.’

గిర్రున నా వైపు తిరిగింది. ‘ఏటి బాగుంది?’

‘ముగింపే బాగుంది. పోయాడనుకున్నవాడు వస్తే ఎంత బాగుంటుంది.’

‘నీ మొకం! ఎలాగొస్తాడు?’

‘ఎలాగో ఒకలాగ. ఏదో చెక్క పట్టుకుని తేలి ఉంటాడు.’

‘సెక్కా! ఏడాది పాటు సెక్క మీద ఉన్నాడేటి? ఏటి తిన్నాడు?’

‘ఏవో చేపలు.’

‘పచ్చివా?’

‘పచ్చివే. అవన్నీ రాస్తే నవల సాగుతుందా? ఏడ్చినవాళ్ళంతా పిచ్చివాళ్ళా అవ్వా? దేశమంతా ఊరికే ఏడుస్తుందా?’

నా నోట్లోంచి వస్తున్న మాటలు నాకే కొత్త. నా స్నేహితురాలు నాతో అన్న మాటలే అవి, ఒక్కటీ వదలకుండా. అవ్వ కుర్చీ చేతుల మీద బలం వేసి సగం లేచింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

‘ఆడూ ఇదే మాట,’ అంది. ‘దేసమంతా ఊరికే ఏడుస్తాదా మామ్, అనీవోడు. ఆడూ...’

కుర్చీలో కూలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇద్దరూ వచ్చి జ్వరమని చెప్పి వెళ్ళిన నాటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఒళ్ళంతా కదిలిపోతూ, చిన్నపిల్లలా వెక్కుతూ. నేను ఆవిడ మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. నాకూ కళ్ళు ఆగడం లేదు. ఊరుకోండి అనలేదు. కొంగు చాటు నుంచి, ‘అయినా... సెక్క మీద... ఏడాదా?’ అని వినిపించింది. ‘ఎందుకుండకూడదు?’ అన్నాను. ఆ నవల ఎంత గొప్పదో నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ ఏడుస్తూనే కాదంటూ ఉంది.